ఆ కాలు ఎవరిది?

సబ్మిషన్ రెజ్లింగ్, అంటే ఎదుటివాణ్ణి పట్టు బిగించి లొంగదీసే కుస్తీ, నేర్చుకునేవాడికి మొదట్లో ఎదుటివాడి మెడ ఒక్కటే కనిపిస్తుంది. కొన్నాళ్ళకి చేతులు కనిపిస్తాయి, ఆ తర్వాత కాళ్ళు. ఇంకా ముదిరితే ఎదుటివాడి బుర్రలో ఏముందో కూడా కనిపిస్తున్నట్టు ఉంటుంది. మా పండితుడికి ఆ జబ్బు బాగా ముదిరింది.

పండితుడంటే మాతో పాటు సాధన చేసే బక్కపల్చటి మనిషి. కండ తక్కువ, పరిశోధన ఎక్కువ. మ్యాట్ ఎక్కే ప్రతివాడి జాతకమూ ఆయన నోటుబుక్కులో ఉంటుంది. కుస్తీ నుంచి వచ్చినవాడు తల దించి కాళ్ళ మీదికి దూకుతాడు కాబట్టి గిలటిన్‌కి, అంటే మెడ బిగించే పట్టుకి, మెడ వాడే అందిస్తాడు. ఫలానావాడు కింద పడగానే కంగారులో వీపు తిప్పేస్తాడు. ఇంకొకడు ఓడిపోయే ఘడియ దగ్గరపడగానే "ఆగాగు, నీ మోచెయ్యి ఇక్కడ కాదు పెట్టాల్సింది" అంటూ హఠాత్తుగా గురువైపోతాడు. కొత్తగా చేరినవాళ్ళ పేజీలు మాత్రం ఖాళీ. తామేం చెయ్యబోతున్నారో వాళ్ళకే తెలియనప్పుడు పండితుడికెలా తెలుస్తుంది? ఆయన ముక్కుకి ఇప్పటిదాకా తగిలిన మోకాళ్ళలో చాలామటుకు వాళ్ళవే.

నోటుబుక్కులో సగం పైగా మింగేసినవాడు పర్వతం. ఈ ఆటలో ప్రపంచస్థాయివైన ఏడీసీసీ పోటీల్లో 99 కిలోలు దాటినవాళ్ళంతా ఒకే వర్గం. మా పర్వతం నిస్సందేహంగా ఆ వర్గం. 66 కిలోల లోపు వర్గంలో పండితుణ్ణి తడిబట్టలతో తూచినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. పర్వతానికి తొందరన్నది తెలియదు. సైడ్ కంట్రోల్‌లోకి, అంటే కింద పడ్డవాడి ఛాతీ మీదికి పక్కనుంచి వచ్చి, భుజం తెచ్చి మన దవడ మీద పెట్టి, ప్రశాంతంగా ఉంటాడు. చాలామంది ఏ పట్టూ పడకముందే, కేవలం బరువుకే ట్యాప్ చేసేస్తారు, అంటే ఓడిపోయానని చేత్తో తట్టేస్తారు.

ఈ పర్వతం కోసం పండితుడు మార్సెలో గార్సియాని ఆశ్రయించాడు. 77 కిలోల వర్గంలో 2003, 2005, 2007, 2011లో ఏడీసీసీ గెలిచిన బ్రెజిల్ వీరుడు. 2007లో బరువుతో నిమిత్తంలేని విభాగంలో కూడా ఫైనల్ దాకా వెళ్ళాడు. పెద్దవాడి మీదికి ఎగబడకుండా, ముందు తానే కూర్చుని, వాడి కాళ్ళ కిందకి దూరి, ఎక్స్ గార్డ్‌తో, అంటే ఎక్స్ ఆకారంలో వేసిన తన కాళ్ళతో, లేపి పడెయ్యడం ఆయన పద్ధతి. పండితుడు వారాల తరబడి కూర్చోవడం సాధన చేశాడు. కూర్చోవడానికి సాధనేమిటని అడగకండి, అడిగినవాళ్ళకి అరగంట ఉపన్యాసం దొరికింది.

ఆయనకి తెలియనిదేమిటంటే, అవతల పర్వతం కూడా ఆలోచిస్తున్నాడు. అతనికున్న భయమల్లా హీల్ హుక్. మడమ మెలితిప్పితే దెబ్బ మోకాలికి తగులుతుంది, నొప్పి తెలిసే లోపే లిగమెంటు పోవచ్చు. చిన్నవాళ్ళంతా కాళ్ళ మీదే పడతారనీ, నిలబడితే కాళ్ళు దొరికిపోతాయనీ, అందుకని తానే ముందు కూర్చోవడం క్షేమమనీ అతను తేల్చుకున్నాడు.

జరాసంధుడి దగ్గర భీముడు తికమకపడితే కృష్ణుడు పుల్ల చీల్చి చూపించాడు. మా కోచ్‌గారి చేతిలో స్టాప్‌వాచ్ తప్ప పుల్ల లేదు.

గంట మోగింది. చేతులు కలిపారు. ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు.

"రా తమ్ముడూ, పైకి రా."

"నేనెందుకన్నా? నువ్వే రా."

ఏడీసీసీ నిబంధనల్లో పాయింట్లు లెక్కపెట్టే సమయంలో తనంత తాను కూర్చుంటే ఒక పాయింటు కోత. ఆ లెక్కన జీవితంలో మొదటిసారి పండితుడు పర్వతానికి సమఉజ్జీ అయ్యాడు, చెరో మైనస్ ఒకటితో. కాసేపటికి ఇద్దరూ పిరుదుల మీదే జరుగుతూ దగ్గరికొచ్చారు, కిక్కిరిసిన బస్సులో మూడోవాడికి చోటిస్తున్నంత మర్యాదగా. నాలుగు కాళ్ళూ పెనవేసుకున్నాయి. ఒళ్ళంతా చెమట, పట్టుకోవడానికి కోటూ లేదు, ఏది పట్టినా జారిపోతోంది. ఆ గందరగోళంలో పర్వతానికి ఒక పాదం దొరికింది. రెండు చేతులా బిగించి టో హోల్డ్ వేశాడు. అంత శ్రద్ధగా అతను పట్టు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి మెలితిప్పి, కెవ్వున అరిచి, ఒక చెయ్యి వదిలి పండితుడి వీపు మీద టపటపా కొట్టాడు.

ట్యాప్ పడగానే వదిలెయ్యడం ఈ ఆటలో తిరుగులేని ధర్మం. పండితుడు ధర్మం తెలిసినవాడు కాబట్టి వెంటనే రెండు చేతులూ పైకెత్తాడు. అందులో వదలడానికి ఏమీ లేదన్న సంగతి తర్వాత చూసుకున్నాడు.

"వదలన్నా! వదులు!"

"నేను పట్టుకుంటే కదా తమ్ముడూ!"

"మరి ఇదెవరు?"

పర్వతం రెండో చెయ్యి ఇంకా తిప్పుతూనే ఉంది. కోచ్‌గారు పరుగున వచ్చి, వంగి, కాళ్ళని మూలం దాకా వెతుక్కుంటూ వెళ్ళి, "ఆ పాదం నీదే నాయనా, వదిలెయ్" అన్నారు.

గెలుపెవరిదన్న తగాదా బట్టలు మార్చుకునే గది దాకా సాగింది. ట్యాప్ తన వీపు మీద పడింది కాబట్టి గెలుపు తనదేనని పండితుడి వాదన. వేసిన పట్టు తనది కాబట్టి తనదేనని పర్వతం వాదన. నిజానికి రెండోదే కాస్త బలంగా ఉందని నాకనిపించింది గానీ, కుంటుతున్న మనిషి నోట అది అంతగా అతకలేదు. పైగా ఎవరైనా కాలికేమైందని అడిగితే, అసలు సంగతి చెప్పలేక, "పండితుడితో ఆడాను" అని మాత్రం అంటున్నాడు.

దాంతో కొత్తవాళ్ళంతా పండితుణ్ణి చూడగానే కాళ్ళు ముడుచుకుంటున్నారు. ఆయన ఖండించలేదు. మొన్నొక కుర్రాడు ఆ పట్టు తనకీ నేర్పమని బతిమాలితే, గంభీరంగా తలాడించి, "నేర్పొచ్చు గానీ, దానికి ఎదుటివాడి సహకారం చాలా కావాలి" అన్నాడట.