ప్రైజు రాలేదని కారు జట్టును మూసేస్తారా?

నేను చదువుకున్న ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రిక్ రేస్ కారు జట్టుకు ఈ ఏడాది నుంచి నిధులు ఇవ్వరట. రెండేళ్లుగా ప్రైజు రాలేదు కాబట్టి! ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

మా ఏడాది సంగతి చెబుతాను. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి వెళ్లాం. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కట్టిన రేస్ కార్లతో పోటీపడేది అక్కడే. అక్కడ తనిఖీలన్నీ దాటితే తప్ప కారు ట్రాక్ ఎక్కదు. బ్యాటరీ పెట్టెను విడిగా పరీక్షిస్తారు. కారును 60 డిగ్రీలు పక్కకు వంచుతారు. డ్రైవరు 5 సెకన్లలో బయటపడాలి. ఆ తరువాత వాన పరీక్ష. హై వోల్టేజీ ఆన్‌లో ఉండగానే కారు మీద 2 నిమిషాలు నీళ్లు చల్లుతారు. నీళ్లు ఆపి మరో 2 నిమిషాలు అలాగే ఉంచుతారు. ఈలోగా కరెంటు చాసిస్‌లోకి, అంటే కారు చట్రంలోకి, పాకే దారి ఏ మూల ఏర్పడినా ఇన్సులేషన్ మానిటర్ అనే పరికరం పసిగట్టి సరఫరా ఆపేస్తుంది.

మా కారు నీళ్లను తట్టుకుంది. ఇక గండం గడిచిందనుకుంటుండగా, మూడో నిమిషంలో టక్కుమని రిలేలు (కరెంటును కలిపే స్విచ్‌లు) తెరుచుకుని సరఫరా ఆగిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రాత్రి మోటార్ కంట్రోలర్ పెట్టె విప్పి చూశాం. కేబుల్ లోపలికి వెళ్లే చోట రబ్బరు సీలు ఒకవైపే నలిగి ఉంది. దాని వెనక కనెక్టరులో నీటి చెమ్మ. బిగించేటప్పుడు కేబుల్ కాస్త వంకరగా ఉండిపోయిందన్నమాట. ఆరబెట్టి, సీలు మార్చి, మళ్లీ వరుసలో నిలబడి గట్టెక్కేసరికి ట్రాక్ మీద పోటీలు అయిపోయాయి. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు కోసం ఏడాదంతా నిద్ర మానుకుని కట్టిన కారు ఒక్క చుట్టు కూడా తిరగకుండా లారీ ఎక్కింది.

తిరిగి వచ్చాక కళాశాలలో మమ్మల్ని అడిగినవి రెండే: ప్రైజు ఏమిటి, హాజరు ఎంత తగ్గింది. కారు ఎందుకు ఆగిందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే గంటసేపు చెప్పేవాళ్లం. నాలుగేళ్లు రాసిన ల్యాబ్ రికార్డులన్నీ కలిపినా ఆ సీలు నేర్పినంత నేర్పలేదు.

2023లో స్విట్జర్లాండ్ విద్యార్థుల ఎలక్ట్రిక్ కారు 0.956 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుని ప్రపంచ రికార్డు కొట్టింది. మనవాళ్లూ ఆ వార్తను తెగ పంచుకున్నారు. ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఆ జట్టు మొదలైంది 2006లో! రెండేళ్లు చూసి మూసేసి ఉంటే ఆ కారు ఎక్కడి నుంచి వచ్చేది?

జట్టు ఒక్క ఏడాది ఆగినా నష్టం మామూలుగా ఉండదు. వైరింగ్ తెలిసిన నాలుగో ఏడాది పిల్లలు చదువు ముగించి వెళ్లిపోతారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన రెండో ఏడాది పిల్లలకు ఆ పని చూపించేవాళ్లే ఉండరు. మేము చేసిన తప్పే వాళ్లు మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఆ కళాశాలలో నాతో చదివినవాళ్లు, నా తరువాత చదివినవాళ్లు ఇది చూస్తే దయచేసి స్పందించండి. శనివారం ఉదయం ప్రిన్సిపాల్ గారిని కలవడానికి వెళుతున్నాను. నిధులతోపాటు పోటీ రోజులకు హాజరు, రాత్రిపూట వర్క్‌షాపు తాళాలు కూడా అడుగుతాను. మీరూ రండి.