జవాద్ తప్పా, తిత్లీ తప్పా? తుపాను లెక్క జారేది ఎక్కడ

2021 డిసెంబరు మొదటి వారంలో జవాద్ తుపాను వస్తోందని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడులకు సెలవులిచ్చారు, రైళ్లు ఆపారు, తీరంలోని జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. తీరా అది సముద్రంలోనే నీరసించి ఒడిశా వైపు మళ్లిపోయింది. మర్నాడు టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే వెటకారం. అంతకు మూడేళ్ల ముందు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అప్పుడేమో, ఇంత పెద్దదని ముందే చెప్పొద్దా అన్నారు.

రెండు చోట్లా కోపం న్యాయమైనదే. కానీ వాతావరణ శాస్త్రం మీద చూపించడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. కంప్యూటర్ ఇచ్చే జవాబు ఒకటి, మన దాకా వచ్చేది ఇంకొకటి.

ఎసరు పెట్టిన గిన్నెలోకి తొంగి చూడండి. అడుగు నీళ్లు వేడెక్కి తేలికై పైకి లేస్తాయి, పైనున్న చల్లటి నీళ్లు దిగుతాయి. పలచటి పొర అయితే వేడి ఒక హద్దు దాటేదాకా అందులో ఏదీ కదలదు. ఆ హద్దును లెక్కగట్టే దారి 1916లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ చూపించాడు. వేడి పైకి లేపే బలం, ద్రవం అడ్డుకునే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెను రేలీ సంఖ్య అంటారు. పైనా కిందా గట్టి పలకలుంటే అది సుమారు 1,708 దాటాలి. ఇప్పుడు ఆ గిన్నెనే గిర్రున తిప్పితే? అలజడి ఇంకా పెరుగుతుందనే ఎవరైనా అనుకుంటారు. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1953లో లెక్కించి తేల్చింది దానికి విరుద్ధం. తిరిగే ద్రవాన్ని కదిలించడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంటే తిరుగుడు పగ్గంలా పట్టి ఉంచుతుంది. ఆ పగ్గం తెగాక మాత్రం కదలిక సుడులు కడుతుంది.

బంగాళాఖాతం కూడా అలాంటి గిన్నే, కాకపోతే చాలా పెద్దది. తుపాను బతకాలంటే సముద్రం ఇంచుమించు 26.5 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి. తిప్పే పని భూమిది. కళింగపట్నం అక్షాంశం దగ్గర ఆ తిరుగుడు ధ్రువం దగ్గర ఉన్నదాంట్లో మూడో వంతుకు కాస్త తక్కువ. భూమధ్యరేఖ దగ్గర దాదాపు సున్నా, అందుకే అక్కడ తుపాన్లు పుట్టవు. వేడీ తిరుగుడూ రెండూ ఉన్నా పొడిగాలి చొరబడితే, పై గాలీ కింది గాలీ చెరో దారిన లాగితే తుపాను చతికిలబడుతుంది.

దీన్ని కంప్యూటర్లో ఎక్కించాలంటే ఆకాశాన్ని గడులుగా కోయాలి. 2025 మేలో మొదలైన మన దేశపు వాతావరణ అంచనా వ్యవస్థ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు, అంతకు ముందు 12. ఉరుముల మేఘంలో వేడిని పైకి తోసే ధార వెడల్పు కిలోమీటరో రెండో ఉంటుంది, గడిలో ఇమిడిపోయి కనపడదు. దాని బదులు ఉజ్జాయింపు సూత్రం పెడతారు. గడి వెడల్పును సగం చేస్తే పని రెట్టింపవుతుందనుకుంటాం గానీ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. గడులు నాలుగింతలవుతాయి, కాలాన్నీ సగం సగం అడుగులతో నడపాలి. తుపానును మోసుకెళ్లేవి వందల కిలోమీటర్ల వెడల్పున్న గాలులు, అవి గడులకు బాగానే చిక్కుతాయి. అందుకే దారి అంచనా ఏటేటా మెరుగైంది. ఎంత బలపడుతుందన్నది మాత్రం గడులకు చిక్కని ఆ మేఘాల చేతిలో ఉంది.

దీనికి తోడు ఇంకో తలనొప్పి. 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణాన్ని లెక్కగట్టే తన కంప్యూటర్ మోడల్‌ను మళ్లీ నడుపుతూ 0.506127 బదులు 0.506 కొట్టాడు. ఆ లెక్కలో కొన్నాళ్లకే వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. సముద్రం మీద కొలతలు అంత కచ్చితంగా ఎవరికి దొరుకుతాయి? అందుకే ఇప్పుడు మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి మోడల్‌ను చాలాసార్లు నడుపుతారు. వచ్చేది ఒక గీత కాదు, గీతల గుంపు. వాతావరణ శాఖ పటంలోనూ దారి చుట్టూ వెడల్పయ్యే గరాటా ఉంటుంది. టీవీలో అది ఒక్క ఎర్ర గీత, సెల్‌ఫోన్ మెసేజ్‌లో "కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరం". గరాటా ఏమైనట్టు?

తుపాను వచ్చే అవకాశం పదిలో నాలుగు అని చెబితే జనం ఇళ్లు కదలరని అధికారులకు టెన్షన్. ఆ భయం కొట్టిపారేసేది కాదు. ఖాళీ చేయమనే ఆదేశం ఒక్క మాటలో, గట్టిగానే ఉండాలి, ఎన్నిసార్లు ఉత్తదైనా సరే. ప్రాణాల లెక్క అది. పంట లెక్క వేరు. జవాద్ వచ్చింది వరి కోతల కాలంలో. పనల మీదున్న చేను ఉన్నపళంగా కుప్ప వేయాలంటే కూలీలు దొరకరు, దొరికినా రేటు రెట్టింపు అడుగుతారు. తడి పనలు కుప్ప పెడితే గింజ రంగు మారుతుంది. ముప్పు పదిలో మూడు వంతులైతే రైతు ఇంకో రోజు ఆరనిస్తాడు, ఎనిమిదైతే అప్పు చేసైనా ఇంటిల్లిపాదినీ చేలో దించుతాడు. చీటీ పాటలో ఎంతకు పాడాలో లెక్కేసుకునే మనిషికి ఈ అంకె అర్థం కాదని ఎవరు తేల్చారో గానీ, డిసెంబరులో ఆకాశం మబ్బేస్తే ఆ రైతు ఇప్పటికీ ఎర్ర గీత చూసే కూలీలకు ఫోన్ చేస్తున్నాడు.