తుపాకికి రంగు, రంగుకి జాతకం

కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల వీడియో గేమ్‌లో ఏకే-47కి ఎంత ఖరీదైన స్కిన్ (పైన వేసే రంగుల తొడుగు) తొడిగినా తూటా అదే, దెబ్బ అదే. అందుకే ఆ స్కిన్‌ని ఇంకా భక్తిగా చూడాలని మా వాదన. పనికొచ్చే వస్తువుకి ఎవడైనా డబ్బిస్తాడు. ఏ పనికీ రానిదానికి ఇవ్వాలంటేనే నిష్ఠ కావాలి.

2013 ఆగస్టులో ఆర్మ్స్ డీల్ అప్‌డేట్‌తో ఆ గేమ్ తయారుచేసిన వాల్వ్ సంస్థ ఈ సంప్రదాయానికి కొబ్బరికాయ కొట్టింది. ప్రతి స్కిన్‌కీ పుట్టేటప్పుడే 0 నుంచి 1 లోపు ఒక ఫ్లోట్, అంటే ఎంత అరిగినట్టు కనబడాలో చెప్పే అంకె, పడుతుంది. 0.07 లోపైతే ఫ్యాక్టరీ న్యూ, 0.15 లోపు మినిమల్ వేర్, 0.38 లోపు ఫీల్డ్ టెస్టెడ్, 0.45 లోపు వెల్ వోర్న్, ఆపైన బ్యాటిల్ స్కార్డ్. ఇదొక జాతకం. లక్షమందిని కాల్చినా కొత్త గీత పడదు, పదేళ్లు దాచినా పాత గీత పోదు. యుద్ధంలో నలిగిందని పేరు మోసే తుపాకి అసలు యుద్ధమే చూసి ఉండకపోవచ్చు.

కాబట్టి గ్రేడు పేరు చూసి కొనకండి. 0.16 కూడా ఫీల్డ్ టెస్టెడే, 0.37 కూడా ఫీల్డ్ టెస్టెడే. ఇన్‌స్పెక్ట్ నొక్కి నాలుగు వైపులా తిప్పి చూడాలి. ఏడబ్ల్యూపీ స్నైపర్ తుపాకికి వేసే ఆసిమోవ్ స్కిన్‌ని ఫ్యాక్టరీ న్యూలో ఇప్పిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి తప్పుకోండి: దాని ఫ్లోట్ మొదలయ్యేదే 0.18 దగ్గర. అదే ఆసిమోవ్ ఫ్లోట్ 1కి బాగా దగ్గరై స్కోప్ నల్లబడిపోతే ‘బ్లాకిమోవ్’ అని బిరుదిచ్చి ఎక్కువ ధర కడతారు. మరీ శుభ్రమైనా గౌరవమే, మరీ పాడైనా గౌరవమే, నలిగిపోయేది మధ్యతరగతే.

ఏకే-47 కేస్ హార్డెన్డ్ అనే స్కిన్‌లో 661 నంబరు ప్యాటర్న్ (రంగుల అమరిక)ది ఇంకో వైభోగం, పైభాగం దాదాపు అంతా నీలమే. ఆ నీలం కూడా ఆడేవాడి కంటికి ఆనే పక్కనే ఉండాలి. రెండో పక్కన ఉంటే అవతలివాడు చూసి ఆనందించాలి, అదీ చచ్చేలోపు.

కేసులు, అంటే ఏ స్కిన్ వస్తుందో ముందు తెలియని పెట్టెలు, తెరిచేవారికి ఒక లెక్క. చైనా నిబంధనల పుణ్యమా అని 2017లో అక్కడి పంపిణీదారు పర్ఫెక్ట్ వరల్డ్ ఏది వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టింది. దాదాపు 80 శాతం సార్లు వచ్చేది అరుదుతనంలో అట్టడుగున ఉండే నీలం గ్రేడే. కత్తి లాంటి అరుదైనది 0.26 శాతం, అంటే సగటున 385 కేసులకి ఒకటి. కేసు తెరిచే కీ 2.49 డాలర్ల చొప్పున అన్నిటికీ సుమారు 959 డాలర్లు, కేసు ధర వేరే. అన్నీ తెరిచాక కూడా మూడో వంతుకి పైగా జనం కత్తి లేకుండానే లేస్తారు. ప్రతి కేసూ కొత్త పందెమే, మీ పాత నష్టం దానికి గుర్తుండదు.

అమ్మడం మరో యజ్ఞం. వాల్వ్‌దే అయిన స్టీమ్ మార్కెట్‌లో మీకు 100 రావాలంటే కొనేవాడు 115 కట్టాలి: 5 స్టీమ్‌కి, 10 ఆటకి. రెండు హుండీలూ ఒకే దేవుడివి. ఆ 100 కూడా స్టీమ్ వాలెట్ గడప దాటి బ్యాంకుకి రాదు. ఎందర్ని చంపారో లెక్కపెట్టే స్టాట్‌ట్రాక్ తుపాకి చేతులు మారగానే మీరు లెక్కపెట్టుకున్న చావులన్నీ సున్నా.

2025 అక్టోబరులో కత్తులకి ఒక మెట్టు కిందుండే ఎర్ర గ్రేడు స్కిన్లు ఐదిస్తే కత్తో గ్లవ్సో వచ్చేలా వాల్వ్ నియమం మార్చింది. కత్తుల ధరలు కుప్పకూలాయి, ఎర్ర స్కిన్ల ధరలు ఎగబాకాయి. కత్తుల్నే ఆస్తిగా దాచుకున్నవారు సంతాపం పాటించారు; ఎర్ర స్కిన్లు అమ్ముడుపోక మూలన పడేసినవారు ఆ రాత్రికి రాత్రే పెట్టుబడి సలహాదారులయ్యారు.