మొలకలు కంపు కొడుతున్నాయంటే తప్పు ఎండది కాదు

"ఎండాకాలం మొలకలు చేయలేం, పులిసిపోతాయి" అనే మాట హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లల్లో వినిపిస్తుందో! ఈ మాటను నేను అస్సలు ఒప్పుకోను. పెసర్లకు వేడి ఇష్టమే. వాటిని చంపేది గిన్నె అడుగున నిలిచిన నీళ్లు. నానిన గింజ ఊపిరి తీసుకుంటుంది. నీళ్లలో మునిగిన అడుగు వరుసకు గాలి అందదు. ఆ గింజలు చచ్చి, జిగురు పట్టి, పైవాటిని కూడా పాడుచేస్తాయి. మొలకల డబ్బా కొన్నా ఇదే జరుగుతుంది, అడుగు అరలో నీళ్లు వదిలేస్తే.

మొదటిసారైతే పెసర్లే పెట్టండి. శనగలు, ఉలవలు చెయ్యి తిరిగాక. రాజ్మా మాత్రం వద్దు. అందులోని విషపదార్థం మొలకెత్తినా పోదు, గింజ కనీసం 10 నిమిషాలు సలసలా మరగాల్సిందే. విత్తనాల దుకాణంలో దొరికే పెసర్లు కూడా వద్దు, వాటికి బూజు మందు పట్టించి ఉంటారు. తినడానికి అమ్మేవే తెచ్చుకోండి. పాతబడిన సరుకైతే సగం మొలవదు.

100 గ్రాములు చాలు, మొలకలయ్యేసరికి గిన్నెడవుతాయి. రాళ్లు, పుచ్చులు ఏరి, కడిగి, నాలుగింతల తాగే నీళ్లు పోయండి. తేలిన తాలు తీసేయండి. మే నెలలో 6 గంటల నానుడు సరిపోతుంది, డిసెంబర్‌లో 8 నుంచి 10. నీటి మీద నురగ వచ్చిందంటే ఎక్కువ నానినట్టే. నానినా రాయిలా ఉన్న గింజలను అప్పుడే ఏరేయండి, తర్వాత పంటికి తగులుతాయి.

ఇక అసలు పని. చిల్లుల గిన్నెలో వంపి, ఏటవాలుగా 10 నిమిషాలు ఉంచండి. చివరి చుక్క కూడా కారిపోవాలి. నూలు బట్ట తడిపి, నీళ్లు కారనంతగా గట్టిగా పిండి పైన కప్పండి. గింజలు రెండు వేళ్ల మందానికి మించొద్దు. మొలకెత్తేటప్పుడు గింజ తనంతట తాను వేడి పుట్టిస్తుంది, పెద్ద మూట కడితే నడిమధ్య ఉడికిపోయినట్టవుతుంది. మూట బిగించి కట్టే అలవాటు నాకు నచ్చనిది అందుకే. ఫ్యాన్ కింద పెడితే మాత్రం పైవరుస ఎండిపోతుంది.

ఎండల్లో 6 గంటలకోసారి, మిగతా రోజుల్లో పొద్దున సాయంత్రం కడిగి, మళ్లీ పూర్తిగా వడకట్టాలి. ఎండాకాలం ఒక రోజులో అరంగుళం మొలక వస్తుంది. చలికాలం ఒకటిన్నర రోజు ఆగాలి.

వేరు చుట్టూ సన్నటి తెల్లటి నూగు కనిపిస్తే భయపడకండి, అది వేరుదే, కడిగితే అణిగిపోతుంది. గింజకూ గింజకూ మధ్య సాలెగూడులా అల్లుకుంటే బూజు. పుల్లటి కంపు, జిగురు ఉన్నా సరే, కడిగి వాడొద్దు, మొత్తం పారేయండి.

పచ్చి మొలకలే బలమని పట్టుబట్టేవాళ్లకు ఒక్క మాట. మొలకకు నచ్చే వెచ్చదనం, తేమ సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి క్రిములకూ నచ్చుతాయి. అవి గింజతోనే రావచ్చు, కడిగితే పూర్తిగా పోవు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల వచ్చిన ఈ.కోలై జబ్బుతో 50 మందికి పైగా చనిపోయారు. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్లకు పచ్చివి పెట్టనే వద్దు. బాగా పొగలు వచ్చేదాకా ఆవిరి మీద ఉడికించండి, కొంత విటమిన్ సి పోయినా ఫర్వాలేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయతో గుడాల్లా తాళింపు పెడితే పిల్లలూ తింటారు. మిగిలినవి తడి లేకుండా ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయండి.