నవలలా లేదు, అయినా నచ్చింది

'హౌల్స్ మూవింగ్ క్యాజిల్' అనే యానిమేషన్ సినిమాలో, దానికి ఆధారమైన అదే పేరు నవల ఆనవాళ్లే లేవని ఓ వ్యాసంలో ఎవరో వాపోయారు. నిజమే, డయానా విన్ జోన్స్ 1986లో రాసిన కథ వేరు, జపాన్ దర్శకుడు మియాజాకీ 2004లో తీసిన సినిమా వేరు. నవల్లో మాంత్రికుడు హౌల్ మన లోకంలోని వేల్స్ నుంచి వెళ్లినవాడు. సినిమాలో ఆ ఊసే లేదు. నవల్లో కథానాయిక సోఫీకి చెల్లెళ్లు ఇద్దరైతే సినిమాలో ఒక్కతే మిగిలింది. యుద్ధాన్ని అంత పెద్దది చేసి, చివరికి హడావుడిగా చుట్టేశారన్నది నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ వంట సీను చూడండి! తలమీద పెనం పెడితే గొణుక్కుంటూ వంగే నిప్పు భూతం కాల్సిఫర్, హౌల్ ఒంటిచేత్తో గుడ్లు కొట్టి పడేస్తుంటే ఆ పెంకుల్ని గుటుక్కున మింగుతుంది. మా పిల్లలు దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. నాకైతే, శాపంతో ముసలిదైన సోఫీ నిద్రపోగానే ముఖం మళ్లీ పడుచుగా మారడం భలే నచ్చింది. మాట కూడా లేకుండా ఆమె మనసు తెలిసిపోతుంది.

సినిమా వచ్చిందని నవలనేమీ అల్మరాలోంచి ఎవరూ ఎత్తుకుపోలేదు కదండీ! రెండూ ఉంచుకుందాం. సోఫీకి శాపం పెట్టిన మంత్రగత్తెని మాత్రం సినిమాలో అంత త్వరగా సాధు బామ్మని చేసెయ్యకుండా ఉండాల్సింది. నవల్లో ఆవిడంటే నిజంగా టెన్షన్ పుడుతుంది.