మొదటి కదలిక అడ్డుకోవడమే

“వీధి గొడవలో నలుగురిని కొట్టలేకపోతే కరాటే నేర్చుకుని ఏం లాభం?” అని కరాటే మీద వచ్చిన ఒక వ్యాసంలో అడిగారు. హైస్కూల్లో మూడేళ్లు షోటోకాన్ అనే కరాటే పద్ధతి నేర్చుకున్నాను, ఇప్పుడు మా అమ్మాయి కరాటే క్లాసుకి వెళ్తోంది కాబట్టి ఒక మాట.

షోటోకాన్‌లో పిల్లలకు మామూలుగా ముందు నేర్పే కటాల్లో (ఒక్కరే ఒక వరసలో చేసే కదలికలు) హెయాన్ షోదాన్ ఒకటి. అందులో మొదటి కదలిక ఎడమవైపు తిరిగి ముంజేత్తో కిందికి అడ్డుకోవడం. గుద్దు ఆ తర్వాతే (వెంటనే ఉంటుంది లెండి!). 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటేను ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి చెప్పిన సూత్రమూ అదే, కరాటేలో మొదటి దెబ్బ ఉండదని. ఆయనకు పోటీలంటే ఇష్టం లేదు. జపాన్ కరాటే అసోసియేషన్ తొలి జాతీయ పోటీలు పెట్టింది 1957లో, ఆయన చనిపోయిన ఏడాదే.

ఇక ఒలింపిక్స్‌లో చూసిన కుమితే (ఇద్దరు తలపడే పోటీ) అంటారా, అక్కడా గట్టిగా తగిలేలా కొడితే పెనాల్టీ. అదీ వీధి గొడవ కాదు.

మా అమ్మాయి మాస్టారు నేర్పేది ఇంకా సింపుల్. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వాళ్ల బొటనవేలి వైపుకి తిప్పి విడిపించుకో, గట్టిగా కేక పెట్టు, పరుగెత్తు. పరుగెత్తడం కూడా ప్రాక్టీస్ చేయిస్తారు. నాకది తెగ నచ్చింది.

పదో తరగతిలో నేను క్రికెట్ గొడవలో ఒకడి ముక్కు పగలగొట్టాను. మా మాస్టారు నా గ్రీన్ బెల్ట్ తీయించి నెల రోజులు వైట్ బెల్ట్ పిల్లల వెనక నిలబెట్టారు. ఈ సంగతి మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.