గోదావరి డెల్టాలో మూర్ఛ: జబ్బును మించిన హాని దాపరికానిది

2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. పెద్దలూ పిల్లలూ ఫిట్స్ వచ్చి, నోట నురగతో స్పృహ తప్పారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. ముఖ్యమంత్రి ఆసుపత్రికి వచ్చి పరామర్శించారు. ఎయిమ్స్‌తో సహా జాతీయ సంస్థల నిపుణులు నీటినీ పాలనూ కూరగాయలనూ రక్తాన్నీ పరీక్షించి, సీసం, నికెల్ ఆనవాళ్ల గురించీ పురుగుమందుల గురించీ మాట్లాడారు. ఆ వారమంతా టీవీల్లో మనం చూసినవి అంబులెన్సులు, ఆసుపత్రి పడకలు, నీటి నమూనాల సీసాలు. పడిపోయిన మనిషికి వైద్యం కావాలన్న విషయంలో ఎవరికీ సందేహం కలగలేదు.

ఏలూరులో ఆనాడు వచ్చినవి బయటి కారణంతో కలిగిన ఫిట్స్. వాటిని మూర్ఛవ్యాధి అనరు. చంటిపిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్స్‌ను గాని, రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు వచ్చేవాటిని గాని, తాగుడు ఒక్కసారిగా మానేసినవారికి వచ్చేవాటిని గాని ఆ పేరుతో పిలవరు. అలాంటి తక్షణ కారణం ఏదీ లేకుండా, ఒక రోజుకు మించిన ఎడంతో రెండుసార్లయినా ఫిట్స్ వస్తే, లేదా ఒక్కసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం బలంగా ఉందని పరీక్షల్లో తేలితే, అప్పుడు డాక్టర్లు మూర్ఛవ్యాధి అంటారు. వైద్యానికి ఈ తేడా చాలా అవసరం. కానీ శరీరంలో జరిగేది మాత్రం రెండుచోట్లా ఒకటే: మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు కాసేపు అదుపు తప్పుతాయి. అయినా 600 మందికి వస్తే ప్రజారోగ్య సమస్య అయినది, ఒక ఇంట్లో ఒక్క అమ్మాయికి వస్తే గుట్టుగా కప్పిపెట్టవలసిన విషయమైపోతోంది. మూర్ఛ వల్ల మన ప్రాంతంలో జరుగుతున్న నష్టంలో పెద్ద పాలు ఈ గుట్టు వల్లనే జరుగుతోందని నా నమ్మకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వారిలో దాదాపు 80 శాతం మంది పేద, మధ్య ఆదాయ దేశాలవారే. మన దేశంలో ఈ సంఖ్య కోటికి పైనేనని అంచనా. సరైన మందును వేళ తప్పకుండా వాడితే వీరిలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చు. ఇవి కొత్తగా కనిపెట్టిన ఖరీదైన మందులు కూడా కావు. ఫినోబార్బిటోన్ 1912 నుంచి, ఫెనిటోయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్నాయి. 1992 ప్రపంచకప్‌లో గాల్లోకి ఎగిరి ఇంజమామ్‌ను రనౌట్ చేసిన దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కు మూర్ఛ ఉంది. ఆయన ఆ సంగతి దాచుకోలేదు.

మన వైపు ఇంట్లోవాళ్లు ‘ఫిట్స్’ అంటారు, బయటివారు అడిగితే ‘నీరసంతో కళ్లు తిరిగాయి’ అంటారు, అమ్మమ్మల తరం ‘గాలి సోకింది’ అంటుంది. ఈ మూడో మాటే మంత్రగాడి దగ్గరకూ, తాయెత్తుల దగ్గరకూ, కొన్నిచోట్ల వాతల దాకా తీసుకెళుతుంది. ఇది మన సంప్రదాయమనుకుంటే పొరపాటు. మన వైద్య సంప్రదాయం దీన్ని అపస్మారం అన్నది. స్మృతి తప్పిపోవడమని ఆ మాటకు అర్థం. వాత, పిత్త, కఫ దోషాల వల్ల కలిగే వ్యాధిగా చెప్పి, చికిత్స కూడా రాసింది. నటరాజ విగ్రహంలో స్వామి పాదం కింద అణిగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. అణిచి ఉంచడమే తప్ప చంపడం లేని ఆ శిల్పాన్ని చూసినప్పుడల్లా, రోజూ మాత్ర వేసుకుంటూ జబ్బును అదుపులో పెట్టుకునే మనిషి నాకు గుర్తుకొస్తాడు.

దాపరికం ఎక్కడైనా చెడ్డదే, అయితే డెల్టాలో అది ప్రాణాలమీదికి తెస్తుంది. దానికి కారణం నీళ్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలువలు ఊరి నడుమ నుంచో, పెరటి వెనక నుంచో పారుతుంటాయి. రేవులో బట్టలు ఉతకడం, గేదెల్ని చెరువులోకి తోలడం, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా, పంటు మీద ఏరు దాటడం, లంక పొలాలకు పడవలో వెళ్లడం ఇక్కడ రోజువారీ పనులు. మూర్ఛ ఉన్నవారు నీట మునిగి చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా నీళ్లలో ఫిట్స్ వచ్చిన మనిషి కేక వేయడు, చెయ్యెత్తడు, చాలాసార్లు చప్పుడు లేకుండా మునిగిపోతాడు. తర్వాత ‘కాలు జారి పడ్డాడు’ అనుకుంటారు. ఇంట్లోవాళ్లకు అసలు సంగతి తెలిసినా, చెల్లెలి పెళ్లి కాలేదనో, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నామనో బయటపెట్టరు. అలా ఎన్ని మరణాలు ప్రమాదాల ఖాతాలో కలిసిపోయాయో చెప్పడం కష్టం.

దీనికి విరుగుడు నీటి దగ్గరకు వెళ్లవద్దని కట్టడి చేయడం కాదు. రేవు పక్కనే ఇల్లున్నవాళ్లకు అలా చెబితే చెల్లే మాటా కాదు. ఒంటరిగా దిగవద్దు, తోడు ఉండాలి, ఆ తోడుకు విషయం తెలిసి ఉండాలి. అంతే. కొబ్బరి దింపు పనికి చెట్లెక్కేవారు మాత్రం ఫిట్స్ అదుపులోకి వచ్చాయని డాక్టరు చెప్పేదాకా నేలమీద పని చూసుకోవాలి. ఏ జాగ్రత్తయినా మొదలయ్యేది, పక్కన ఉన్న ఒక మనిషికి చెప్పడంతోనే. రేవులో పక్క బండ మీద బట్టలు ఉతుకుతున్న ఆవిడకు తెలిస్తే, తల నీటిపైకి ఎత్తిపట్టి ఒడ్డుకు లాగుతుంది. తెలియకపోతే మునక వేసిందనుకుంటుంది.

జాతీయ మూర్ఛ దినంగా పాటించే నవంబరు 17 చాలా ఏళ్లలో కార్తీక మాసంలోనే పడుతుంది. ఆ నెలలో మనవాళ్లు చీకటితోనే లేచి గోదావరిలోనో కాలువలోనో మునుగుతారు, సోమవారాలు ఉపవాసం ఉంటారు. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను రేపే కారణాల్లో ముఖ్యమైనది. ఉపవాసం పేరుతో ఆ పూట మాత్ర మానేయడం ఇంకా ప్రమాదకరం. భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మాత్ర వేసుకుంటే వ్రతం చెడుతుందనుకునే ఇళ్లలో, గుడిలో పూజారి గారే ‘మందుకు దోషం లేదమ్మా’ అని చెబితే, డాక్టరు పదిసార్లు చెప్పినదానికన్నా బాగా వింటారు.

ఇక పెళ్లి. మూర్ఛ చుట్టూ ఉన్న దాపరికానికంతటికీ కేంద్రం ఇదే. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్న సామెతను ఈ జబ్బు విషయంలో అక్షరాలా పాటిస్తున్నాం. అబ్బాయికైతే ‘పెళ్లయితే తగ్గిపోతుంది’ అంటారు, అమ్మాయికైతే ‘అత్తారింట్లో మాత్రలు కనపడనీయకు’ అంటారు. ఆ అమ్మాయి మాత్రల్ని పసుపు డబ్బాలోనో చీరల మడతల్లోనో దాచుకుని, ఎవరూ చూడనప్పుడు వేసుకుంటుంది, వీలుకాని రోజు మానేస్తుంది, కొన్నాళ్లకు పూర్తిగా ఆపేస్తుంది. మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదానివెంట ఒకటి వచ్చి ప్రాణం పోవచ్చు. కొత్త ఇల్లు, నిద్రలేని రాత్రులు, మానేసిన మందు, ఈ మూడూ కలిసి పెళ్లయిన తొలి నెలల్లోనే గుట్టు రట్టు చేస్తాయి. అప్పుడు జబ్బుతో పాటు ‘మోసం చేశారు’ అన్న నింద కూడా ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందు నడిచింది. హిందూ వివాహ చట్టంలోని షరతుల్లో, మతిస్థిమితం లేకపోవడంతో పాటు, పదేపదే వచ్చే మూర్ఛను కూడా 1976 సవరణతో చేర్చారు. ఆ కారణం చూపి పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లడానికి వీలుండేది. 1999లో ఆ సెక్షన్ నుంచి మూర్ఛ అన్న మాటను పార్లమెంటు తొలగించింది. అంటే మూర్ఛ ఉండటం పెళ్లికి అనర్హత కాదని చట్టం ఒప్పుకుని పాతికేళ్లు దాటింది, మన పెళ్లిచూపులు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అయితే అనర్హత కాకపోవడం వేరు, దాచడం వేరు. దాచిపెట్టి చేసిన పెళ్లి తర్వాత ఆరోపణలకూ కోర్టు గొడవలకూ తావిస్తుంది. ముందే చెబితే రెండు మూడు సంబంధాలు తప్పిపోవచ్చు, నిజమే. ఆ బాధ తక్కువదని నేను అనను. కానీ తెలిసి చేసుకున్నవాడు మాత్ర మర్చిపోతే గుర్తుచేస్తాడు.

పిల్లలకూ వస్తుందేమోనన్న భయం సంబంధాలు చెడగొడుతుంది. మూర్ఛ ఉన్నవారి పిల్లల్లో అత్యధికులకు అది రాదు. గర్భం విషయంలో నిజంగా పట్టించుకోవలసింది మందు గురించి. సోడియం వాల్‌ప్రోయేట్ వల్ల కడుపులో బిడ్డకు అవయవ లోపాలూ ఎదుగుదల లోపాలూ కలిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి, పిల్లల్ని కనే వయసున్న స్త్రీలకు వీలైనంతవరకు వేరే మందు ఇస్తారు, ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి ముందునుంచే మొదలుపెడతారు. భర్తకే తెలియకుండా మందు వాడుతున్న స్త్రీ ఈ ఏర్పాటు ఎలా చేసుకోగలదు?

రోడ్డు మీద ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇనుముతో ఫిట్స్ ఆగవు. చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ ఘనత ఇనుముకు దక్కుతుంది. చేయవలసింది తక్కువే: చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, ఒక పక్కకు ఒత్తిగిల్లించి, గడియారం చూడాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏదీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమిపట్టకూడదు. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ వచ్చినా, నీళ్లలో వచ్చినా, గర్భిణికి వచ్చినా, జీవితంలో మొదటిసారి వచ్చినా 108కు ఫోన్ చేయాలి. నురగ తాకితే జబ్బు అంటుకోదు. పక్కన ఒకరు ఫోన్‌లో వీడియో తీసి కుటుంబానికి ఇస్తే డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది, ఎందుకంటే రోగ నిర్ధారణకు ముఖ్యమైన ఆధారం చూసినవారి వర్ణనే. మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నంతమాత్రాన మూర్ఛ లేదని కాదు. ఆ వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం క్రూరత్వం.

బడిలో కొందరు పిల్లలు పాఠం మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిపేసి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటారు. అదీ మూర్ఛలో ఒక రకమే. టీచరు పరధ్యానమనుకుని కొట్టిన పిల్లల్లో ఇలాంటివారు ఎందరో.

కారణాల్లో కొన్ని మన చేతుల్లో ఉన్నాయి. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరందకపోవడం, కాలువ గట్టు రోడ్ల మీద హెల్మెట్ లేకుండా పడిన దెబ్బ, మెదడు వాపు, పందిమాంసం ద్వారా మనుషుల పేగుల్లో చేరే బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్లు కలిసిన ఆహారం. ఈ చివరిదాని గురించి ‘మేం పందిమాంసం తినం’ అనేవారు గమనించాలి: గుడ్లు చేరేది మనుషుల మలంతో కలుషితమైన ఆకుకూరల నుంచీ నీటి నుంచీ కనుక శాకాహారులకూ ఈ ముప్పు తప్పదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రణాళిక 2031 నాటికి మూర్ఛ ఉన్నవారిలో 90 శాతం మందికి తమది చికిత్స ఉన్న మెదడు వ్యాధి అని తెలియాలనీ, 80 శాతం మందికి మందులు అందాలనీ, మందు వాడేవారిలో 70 శాతం మందికి ఫిట్స్ అదుపులోకి రావాలనీ లక్ష్యం పెట్టుకుంది. ముఖ్యమైన మందులు మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రతి నెలా ఆగకుండా దొరకాలి, ఎందుకంటే మాత్రల కోసం కాకినాడ దాకా వెళ్లాలంటే పల్లెలో కూలివాడికి ఒక రోజు కూలి పోతుంది. బీపీ, షుగర్ గురించి ఇంటింటా అడిగే ఆశా కార్యకర్త ఫిట్స్ గురించి కూడా అడగాలి. కానీ వాకిట్లో, అత్తగారి ఎదుట అడిగితే ఏ కోడలూ అవునని చెప్పదు. గర్భిణి పేరు నమోదు చేసే రోజు ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్ర వేసుకుంటున్నావు, ఎక్కడ దాచుకుంటున్నావు అని మెల్లగా అడగాలి.